పొలం వాక్యం

పేపర్లు ఇంకా చేత్తో రాసే రోజులవి. జూన్‌లో వారం రోజుల పాటు లూయీవిల్‌లోని ఓ పెద్ద హాల్లో వెయ్యిమంది టీచర్లు కూర్చునేవారు, ఒక్కరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. అంతమంది టీచర్లు ఒకచోట చేరి నోళ్ళు అదుపులో పెట్టుకోవడం చూడాలంటే అక్కడికే వెళ్ళాలి.

హైస్కూల్లో ఉండగానే కాలేజీ ఇంగ్లీషు చదివి, మే నెలలో పరీక్ష రాసిన పిల్లల జవాబులు అక్కడ దిద్దేవారు. చివరికి ఐదుకి మూడు వచ్చినవాళ్ళకి చాలా కాలేజీలు ఆ కోర్సు చదివేసినట్టే క్రెడిట్ ఇచ్చేస్తాయి. టేబులుకి ఎనిమిది మంది. ఎనిమిది మందీ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒకే ప్రశ్నకి జవాబులు చదవాలి. ఒక్కోదానికి రెండు మూడు నిమిషాలు. తొమ్మిదికి ఎన్ని మార్కులో ఆ అంకె ఉన్న సున్నాని నల్లగా దిద్ది, ఆ జవాబు పుస్తకం మూసి ఇంకోటి తెరవాలి. పిల్లవాడు ఏడాదంతా పడ్డ పాట్లు కాఫీ చల్లారేలోగా తేలిపోతాయి.

నోరీన్ మిషోకి ఇక్కడికి రావడం ఇదే మొదటిసారి. కెనడా సరిహద్దుకి ఆనుకుని, మెయిన్ అనే రాష్ట్రం కొసన ఉన్న ఊళ్ళో ఇరవై రెండేళ్ళుగా ఇంగ్లీషు చెబుతోంది. మనిషి సన్నం, నడక వేగం. కూర్చున్నా కాలు ఒకచోట నిలవదు. నాలుగు రోజులుగా ఆమె మోకాలు కింద నుంచి టేబులుని తంతూనే ఉంది. పక్కనే కూర్చున్న వివియన్ పెటవే రెండోరోజే అనేసింది.

"నీ కాలికో పేపరిద్దామా అమ్మాయ్? ఊరికే ఆడిపోతోంది, అది కూడా నాలుగు దిద్దుతుంది."

వివియన్‌ది జార్జియా. పందొమ్మిదేళ్ళుగా జూన్ నెల ఈ హాల్లోనే గడుపుతోంది. చెయ్యి ఎంత చురుకో నోరూ అంతే. ఆమె పక్కన కూర్చోవడం నోరీన్‌కి భయంగానూ ఉండేది, సరదాగానూ ఉండేది.

నోరీన్ ఊరికే రాలేదు. మార్కులు ఎలా వేస్తారో కళ్ళారా చూసి నేర్చుకుందామని వచ్చింది. ఎందుకంటే ఆమె క్లాసు పీకమీద కత్తి వేలాడుతోంది. రెండేళ్ళుగా ఆ క్లాసులో ఒక్కరికీ మూడు రాలేదు. ఈసారి కూడా ఒక్కరికైనా రాకపోతే క్లాసు ఎత్తేస్తామని సూపరింటెండెంటు మార్చిలోనే మొహమ్మీద చెప్పాడు. కావలసినవాళ్ళు కంప్యూటరు ముందు కూర్చుని నేర్చుకుంటారట. నేర్చుకుంటారు, పాపం.

ఆ ఊళ్ళో పిల్లలకి సెప్టెంబరు చివర్లో మూడు వారాలు బడి ఉండదు. బంగాళాదుంపలు తవ్వే కాలం. ఊరు ఊరంతా పొలాల్లో ఉంటుంది. మిగతా దేశమంతా కవితలు విప్పి చదువుకునేటప్పుడు నోరీన్ పిల్లలు హార్వెస్టరు మీద నిలబడి దుంపల్లోంచి రాళ్ళు ఏరుతుంటారు. తిరిగొచ్చేసరికి చేతులు పగిలి, కళ్ళు మూతలు పడుతూ ఉంటాయి. కాగితం ఇస్తే మొదటి వాక్యం దగ్గరే బండి ఆగిపోతుంది. అది చూడలేక నోరీన్ వాళ్ళకో వాక్యం తయారుచేసి ఇచ్చింది.

"దారిలో నిలబడి చూస్తే పొలమంతా ఆకులే. తవ్వితే గాని పంట బయటపడదు. ఈ కవిత కూడా అంతే."

ఏం తోచకపోతే దీంతో మొదలుపెట్టండి, తర్వాత కలం దానంతటదే నడుస్తుంది, అని చెప్పింది. పిల్లలకి నచ్చింది. ఆమెకి ఇంకా నచ్చింది. ఇలాంటి వాక్యం కట్టడం నావల్లే అయింది అని లోపల కాస్త మురిసిపోయింది కూడా. ఈ ఏడాది క్లాసులో పదకొండు మంది.

నాలుగోరోజు మధ్యాహ్నం వివియన్ కొత్త ఫోల్డరు తెరిచింది. ఫోల్డరుకి ఇరవై ఐదు పుస్తకాలు. పేర్లుండవు, అంకెలే. రెండు తిప్పింది, మూడోది తెరిచి ముక్కు మీది కళ్ళజోడు సర్దుకుంది.

"ఇదిగో, కొత్తది దొరికింది," అని టేబులంతటికీ వినబడేలా, పక్క టేబుళ్ళకి వినబడకుండా చదివింది. "దారిలో నిలబడి చూస్తే పొలమంతా ఆకులే. తవ్వితే గాని పంట బయటపడదు."

ఎదురుగా ఎవరో కిసుక్కున నవ్వారు. నాలుగు రోజులుగా అదే కవిత. ముసలాయన ఒకడు పాత గడియారం విప్పి బాగుచేస్తుంటే కూతురు గుమ్మంలోంచి చూస్తుంటుంది. దాని మీద ఆరేడు వందల జవాబులు చదివి బుర్రలు మొద్దుబారిపోయిన జనం. గడియారం లేని వాక్యం ఏది దొరికినా పండగే.

నోరీన్ మోకాలు ఆగిపోయింది.

మూడు నిమిషాల తర్వాత వివియన్ ఇంకో పుస్తకం తెరిచి, "మళ్ళీ పొలమే," అంది. ఈసారి నలుగురు నవ్వారు. ఆ తర్వాతది తెరిచి ఏం చదవకుండా కళ్ళు పైకెత్తి చూసింది, అంతే, అందరికీ అర్థమైపోయింది.

"బళ్ళో బంగాళాదుంపలు కూడా చెబుతున్నారన్నమాట," అన్నాడు అవతలి మూల కూర్చున్న బట్టతలాయన.

"పిల్లల తప్పు కాదులే. ఆ టీచరెవరో దొరకాలి నాకు. మంచి పిల్లల్ని పట్టుకుని చిలకల్ని చేసింది మహాతల్లి," అంది వివియన్, సున్నా దిద్దుతూ.

నోరీన్ కూడా నవ్వింది. ఎందుకు నవ్విందో ఆ తర్వాత ఎన్నిసార్లు తల బాదుకున్నా ఆమెకి తెలియలేదు. ఎనిమిది మందిలో ఏడుగురు నవ్వుతుంటే నవ్వని మొహం బయటపడుతుందని భయం. అంతకన్నా వేరే కారణం లేదు.

మొదటిరోజే టేబులు పెద్ద హొరేస్ విట్లాక్ రూలు చెప్పాడు. మీ పిల్లల రాత కనబడితే వెంటనే చెయ్యెత్తండి, మిగతాది నేను చూసుకుంటాను. అలబామాలో కాలేజీ ప్రొఫెసరు, మెత్తటి మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. చెయ్యెత్తితే అయిపోయేది. కాని చెయ్యెత్తితే ఏం చెప్పాలి? ఆ మహాతల్లిని నేనే అనాలి. ఇప్పుడే వాళ్ళతో కలిసి నవ్వాను కూడా అనాలి. నోరీన్ చెయ్యి కాగితం మీదే ఉండిపోయింది.

నాలుగో పొలం. ఐదోది. తన ముందున్న పేపర్లో ఏం చదువుతోందో నోరీన్‌కి తెలియడం లేదు. చెవులు రెండూ వివియన్ వైపే. పక్క పుస్తకం మీదికి ఓరకంట చూసింది. పెద్ద పెద్ద అక్షరాలు, గీత దాటిపోయేవి. అది తన క్లాసు కోల్బీ సోసియే రాత. ముక్కుసూటి మనిషి, తండ్రితో పాటు ట్రాక్టరు నడుపుతాడు, ఫిబ్రవరిలో మంచుని కూడా లెక్కచేయకుండా బడి అయ్యాక గంటసేపు కూర్చుని పేరాలు తిరగరాసేవాడు. ఆ వాక్యాన్ని అతను దేవుడిచ్చిన మాటలాగా నమ్మాడు. వివియన్ రెండో పేజీ తిప్పేసి సున్నా దిద్దింది. ఎన్ని మార్కులో కనబడలేదు. ఒకటిన్నర నిమిషం కూడా పట్టలేదు.

ఆరు. ఏడు. నవ్వు కూడా పాతబడిపోయి, వివియన్ ఇప్పుడు నాలుకతో టక్కుమని చప్పుడు చేసి ఊరుకుంటోంది. అదే ఎక్కువ గుచ్చుకుంది నోరీన్‌కి. నవ్వుతూ చదివితే కనీసం చదువుతున్నట్టు. ఒక్కో నిమిషం తను నోరు మూసుకుని కూర్చున్నకొద్దీ ఒక్కో పిల్లవాడు గల్లంతవుతున్నాడు. ఈ సంగతి ఆమెకి స్పష్టంగా తెలుసు. తెలిసీ కదల్లేదు.

విరామం గంట కొట్టారు. నోరీన్ కాఫీ దగ్గరికి వెళ్ళి కాఫీ పోసుకోకుండా వచ్చింది. బాత్రూముకి వెళ్ళి చేతులు కడుక్కుంది, బయటికొచ్చి మళ్ళీ వెళ్ళి కడుక్కుంది. హాలు చుట్టూ రెండుసార్లు కాలుగాలిన పిల్లిలా తిరిగింది. హొరేస్ ఒంటరిగా కిటికీ దగ్గర నిలబడి బిస్కెట్టు తింటున్నాడు. దగ్గరిదాకా వెళ్ళి, "ఈ ఊళ్ళో ఉక్క ఎక్కువండీ," అని చెప్పి వచ్చేసింది. పిరికిదానా, అని తన్ను తనే తిట్టుకుంది.

విరామం అయ్యాక వివియన్ ఎనిమిదోది తెరిచింది. తెరిచి, "హూఁ," అంది. వేలు గీత వెంట నడుస్తోంది. మొదటి పేజీ చివరిదాకా వెళ్ళి, మళ్ళీ మొదటికొచ్చింది. పందొమ్మిదేళ్ళుగా దిద్దుతున్న మనిషి ఒక పేజీని రెండుసార్లు చదవడం నోరీన్ ఆ నాలుగు రోజుల్లో చూడలేదు.

"ఇది వినండి," అంది వివియన్. గొంతులో వెటకారం లేదు. "తవ్వితే గాని పంట తెలియదని మా మేడమ్ చెప్పారు. మేడమ్ ఎప్పుడూ పొలంలో పని చేయలేదు. నేను మూడు వేసవులుగా విత్తనం దుంపల పొలాల్లో తెగులు మొక్కలు ఏరుతున్నాను. చూడటం వచ్చినవాళ్ళకి ఆకులోనే అంతా తెలుస్తుంది. ఆకు అంచు ముడుచుకుంటే కింద దుంప ఎలా ఉందో తవ్వకుండా చెప్పొచ్చు. ఈ కవితలో కూడా దాచిందేమీ లేదు. ముసలాయన గడియారంలో స్క్రూలు బిగిస్తూ కూతురి వైపు చూడడు, కాని ఆమె వెలుతురికి అడ్డం రాకుండా పక్కకి జరుగుతాడు. అంతా పైనే ఉంది. మనం చూడకుండా తవ్వుతున్నాం."

టేబులు చుట్టూ ఎవరూ నవ్వలేదు. బట్టతలాయన పెన్సిలు కింద పెట్టాడు.

ఎడమవైపుకి వాలిపోయే ఆ రాత ఎలీజ్ గెరెట్‌ది. చివరి బెంచీలో గోడకి ఆనుకుని కూర్చునే పిల్ల. అడిగితే తప్ప మాట్లాడదు. నోరీన్‌కి చెంప మీద కొట్టినట్టయింది. ఆ వెంటనే, ఆ చెంప మీదే, చెప్పలేనంత గర్వం.

"ఎనిమిది వేస్తున్నా. తొమ్మిదే వేద్దును గాని చివర్లో తొందరపడింది," అంది వివియన్. "టీచరు కన్నా పిల్ల నయం."

అయిపోయింది, గట్టెక్కాం, అనుకుంది నోరీన్. ఎలీజ్‌కి మూడు వస్తుంది, నాలుగే రావచ్చు. ఒక్కరు చాలన్నారు కదా. క్లాసు నిలుస్తుంది. ఇప్పుడు నోరు విప్పితే ఈ ఎనిమిది కూడా పోతుంది. ఊరుకుంటే చాలు. ఇంతసేపూ ఊరుకుంది కదా, ఇంకో మూడు పుస్తకాలు ఎంతసేపు.

వివియన్ తొమ్మిదోది తెరిచింది. నాలుకతో టక్కుమంది.

నోరీన్ చెయ్యి లేచింది. ఆమె ఎత్తినట్టు లేదు, దానంతటదే లేచినట్టుంది.

"హొరేస్ గారూ," అంది. మళ్ళీ కాస్త గట్టిగా అంది. "ఆ ఫోల్డర్లో మా పిల్లలున్నారు. పొలం వాక్యం నాది. నేనే నేర్పాను."

వివియన్ కళ్ళజోడు తీసింది. నోరీన్ వైపు కాసేపు చూసింది.

"మొదటిదానికే తెలుసా నీకు?"

"తెలుసు."

"నాతో కలిసి నవ్వావు."

"నవ్వాను."

"బాగుంది," అంది వివియన్. నాలుగు తిట్టి ఉంటే నోరీన్‌కి కొంచెం తేలికగా ఉండేది.

హొరేస్ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. "మీరు దిద్దలేదు కాబట్టి మీ వల్ల తప్పేం జరగలేదు నోరీన్ గారూ. మిగిలినవి అవతలి టేబులుకి పంపిస్తాను."

"దిద్దినవి కూడా పంపండి. నవ్వుకుంటూ దిద్దాం అవి."

"నేను దిద్దానమ్మా. నువ్వు కాదు," అంది వివియన్. ఆగి, హొరేస్ వైపు తిరిగింది. "కాని అది నిజమే. నాలుగో దగ్గర్నుంచి నేను సరిగ్గా చదవలేదు. తీసుకెళ్ళండి."

హొరేస్ గడ్డం గోక్కున్నాడు. "పంపితే మొత్తం ఫోల్డరు పంపాలి. ఇవి ఉంచండి, అవి మార్చండి అంటే కుదరదు. మార్కులన్నీ చెరిపేసి పంపాలి." ఆయన నోరీన్ మొహంలోకి చూశాడు. "ఆ ఎనిమిది కూడా."

"తెలుసు," అంది నోరీన్.

హొరేస్ ఫోల్డరు చంకలో పెట్టుకుని హాలు అవతలి చివరికి నడిచాడు. నూట ఇరవై టేబుళ్ళ మధ్య ఆయన నీలం చొక్కా ఎక్కడ ఆగిందో కనబడలేదు. మిగిలిన మూడు రోజులూ నోరీన్ ఆ వైపే చూస్తూ కూర్చుంది. ఎవరు చదువుతున్నారో, ఎవరికి నిద్ర వస్తోందో, ఎవరికి ఇంటి నుంచి ఫోను వచ్చి చిరాగ్గా ఉందో. వివియన్ ఆమెతో మాట్లాడటం మానలేదు గాని ఆమె కాలి మీద జోకులు మానేసింది.

జూలై రెండోవారంలో మార్కులొచ్చాయి. నోరీన్ వంటింట్లో నిలబడే కంప్యూటరు తెరిచింది. పదకొండు పేర్లు. కిందినుంచి పైకి చదివింది. ఎలీజ్ గెరెట్, రెండు. మళ్ళీ చదివింది. రెండే. పరీక్షలో ఇంకో రెండు వ్యాసాలున్నాయి, సరైన జవాబుకి గుర్తు పెట్టే ప్రశ్నలున్నాయి, ఎక్కడ పోయిందో ఎవరికి తెలుసు. కోల్బీ సోసియే, మూడు. ఇంకెవరికీ రాలేదు. ఒక్కరు చాలన్నారు, ఒక్కరికే వచ్చింది. ఆ అబ్బాయి గీత దాటే అక్షరాలు తల్చుకుని ఆమెకి ఏడుపు వచ్చింది. ఎలీజ్ పేరు చూసి ఏడుపు కూడా రాలేదు.

అరగంట ఇంట్లో అటూ ఇటూ తిరిగి, కారు తీసింది. ఊరవతల విత్తనం పొలాలు తెల్లగా పూసి ఉన్నాయి. సాళ్ళ మధ్య ఆరుగురు తలలు వంచుకుని నడుస్తున్నారు. ఎలీజ్ చేతిలో సంచి, మెడ మీద ఎండకి కమిలిన ఎరుపు. కారు చూసి గట్టు మీదికి వచ్చింది.

"చూసుకున్నాను మేడమ్," అంది, నోరీన్ నోరు తెరవకముందే. "ఫోన్లో. రెండు."

"ఎలీజ్..."

"నా తప్పే. మీరు చెప్పినట్టు మొదలుపెట్టలేదు. ఏదో తెలివి చూపించబోయాను. కోల్బీ మీరు చెప్పినట్టే రాశాడట, వాడికి వచ్చింది. నేనూ బుద్ధిగా అదే రాసి ఉంటే బాగుండేది."

ఆ హాల్లో చదివినదేదీ బయట చెప్పనని నోరీన్ కాగితం మీద సంతకం పెట్టింది. ఇరవై రెండేళ్ళలో ఆమె సంతకం పెట్టిన ఏ మాటా తప్పలేదు. గట్టు మీద నిలబడి, చెప్పులోకి దూరిన మట్టిగడ్డ దులుపుకుని, మళ్ళీ నిలబడింది.

"కాదు," అంది. "ఆకుల సంగతి నువ్వు రాసిందే నిజం. నేను చెప్పిందే తప్పు."

ఎలీజ్ సంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. "ఆకుల గురించి రాశానని మీకెవరు చెప్పారు?"

నోరీన్ అంతా చెప్పింది. ఫోల్డరు, నవ్వులు, తనూ నవ్వడం, ఎనిమిది, చెయ్యెత్తడం, హొరేస్ తీసుకెళ్ళడం. ఏదీ దాచలేదు, ఏదీ మెత్తగా చెప్పలేదు. చెబుతున్నంతసేపూ ఎలీజ్ సంచి తాడు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది.

"అంటే మీరు చెయ్యెత్తకపోతే నాకు వచ్చేది."

"ఏమో. వచ్చేదేమో."

"కోల్బీకి వచ్చేది కాదు."

"అదీ తెలియదు."

సాళ్ళలోంచి ఎవరో ఎలీజ్‌ని కేకేశారు. ఆ పిల్ల తల తిప్పలేదు. కళ్ళు ఎర్రబడ్డాయి గాని నీళ్ళు కిందికి రానివ్వలేదు. నోరీన్ ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేద్దామనుకుని, వేయడానికి తనకి హక్కు లేదనిపించి ఊరుకుంది.

"ఆ జార్జియా ఆవిడ నాది రెండుసార్లు చదివిందా?" అనడిగింది ఎలీజ్ చివరికి.

"మొదటి పేజీ రెండుసార్లు చదివింది."

ఎలీజ్ తలూపింది. గట్టు దిగి, రెండు సాళ్ళు దాటి వెళ్ళి, వంగి, నోరీన్ కంటికి మిగతా వాటిలాగే పచ్చగా కనబడుతున్న ఒక మొక్కని వేళ్ళతో సహా పీకింది. దుంపలు దులిపి సంచిలో వేసి, వెనక్కి తిరిగింది.

"క్లాసు ఉంటుందా మేడమ్, సెప్టెంబరులో? మా చెల్లి తీసుకుంటానంటోంది."

"ఉంటుంది."

"అయితే దానికి మాత్రం ఆ వాక్యం ఇవ్వకండి," అని చెప్పి ఎలీజ్ సాలు వెంట వెళ్ళిపోయింది.